సిర్కా, ఉప్పు, కుంకుడు

పొద్దుగాల ఎనిమిది దాటాలె. మంచు ఆరాలె.
గాలి ఉండొద్దు.
ఇంటర్ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబుల
ముప్పయ్యొక్క ఏండ్లు సీసాలు కడిగిన చేతులు,
కొలత తప్పయి:
తెల్ల సిర్కా లీటరు, దొడ్డుప్పు గుప్పెడు,
రాత్రి నానేసి పిసికిన కుంకుడు రసం అర గిలాస.
కుంకుడు ఎందుకంటే, ఆకు మీద నీళ్ళు నిలువయి,
ఇంటర్ పోరగాండ్ల చెవుల మాట లెక్క జారిపోతయి.
నురుగు తోడుంటే కూసుంటయి.

హసన్‌పర్తి రోడ్డుకు, ఇంటి ముంగట,
ఇరవై అడుగులకు పన్నెండు. దీన్నే లాన్ అంటున్న.
కడిపికొండ నర్సరీల చాపల లెక్క చుట్టి ఇచ్చిండ్రు,
ఆటోల తెచ్చి పరిచిన.
పరిచినంక తెలిసింది, ఇది గరికే.
మా బాపు ఎండకాలం పొంటి గడ్డపార వట్టి తవ్వి
చెల్క గట్టుకేసి కాలవెట్టిన గరిక.
దానికి నేను పైసలిచ్చిన.
బాపు ఉంటే నవ్వెటోడో, కొట్టెటోడో.

గరిక పంటైనంక మిగిలినయన్ని కలుపే.
తుంగ, గునుగు, పుల్లచింత,
గోడ మూలకు వయ్యారిభామ ఒక్కటి,
నల్లా కాడ ఎర్ర కాడలు సాపుకొని గంగవాయిలి.

పక్కింటి సదానందం సారు గోడ మీంచి అంటడు:
"గీ తిప్పలెందుకయ్యా,
వరంగల్ చౌరస్తాల అన్నీ మందు దుకాణాలే గద,
మూతెడు కలిపి కొడితే మూడొద్దులల్ల మాడిపోతది."
నేను నవ్వి ఊకుంట.
కిటికీ లోపల భూలక్ష్మి గిన్నెల చప్పుడు ఆగుతది.

మా ఇంట్ల ఒక్కటే కట్టడి:
ఆ సీసా గడప తొక్కద్దు.

పత్తికి లద్దెపురుగు వడ్డ యేడు
మా అన్న మొండయ్య కొట్టిందే కొట్టిండు.
పురుగు సావలే. సేటు కాగితం మీద అంకెలు సావలే.
ఒకనాడు పంపు భుజం మీంచి దించి పక్కకు పెట్టిండు.
సీసాల మిగిలింది పత్తికి కొట్టలే.
నేను సైకిల్ తొక్కుకుంట పోయేసరికి
మూత మాత్రం గట్టిగ బిగిచ్చి ఉన్నది.
పిల్లలు ముట్టుకుంటరని.

ఆ వాసన ల్యాబుల ఏ సీసాల లేకుండె.
ఏ మూత తీసినా ముందుగాల నా ముక్కు
దాన్నే దేవులాడేది.

అందుకే సిర్కా.

కొట్టిన నాడు పగటీలికే ఆకులు తలకాయలేశినయి,
మాపటికి గోధుమ రంగు.
గెలిచిన అనుకున్న.
పదో నాడు తుంగ లేశింది,
కొత్త బట్టలు కట్టుకున్నట్టు నున్నగ.
భూమిల దాని గడ్డలు దండ గుచ్చినట్టుంటయి,
సిర్కా అంతదాక పోదు.
పోయింది ఎవలంటే, పైసలు వెట్టిన గరిక.
ఉప్పు దిగిన కాడ తాంబాళమంత బోడి.
క్లోరైడ్ సీసా ఎన్ని సార్లు అందిచ్చిన్నో,
ఉప్పు మట్టిల దిగితే లేవదని మర్శిన.

నిన్న ఇస్త్రీ బట్టలు తెచ్చిన ఓదెమ్మ
నల్లా కాడ కూసొని గంగవాయిలి తెంపి కొంగులేస్కుంటున్నది.
"ఆగు, మందు కొట్టిన" అన్న.
దిగ్గున లేశింది. "ఏం మందు?"
చెప్పిన.
నా మొకం దిక్కు జెరసేపు సూశి,
"కుంకుడొక్కటి తీశేస్తే
పప్పుల ఏశేటియే గద సారూ" అని
మళ్ళ కూసున్నది.

కిటికీల భూలక్ష్మి నవ్వింది.
మందు అన్న మాటకు ఆమె నవ్వంగ
నేను ఇనుడు ఇదే.

పంపు దండేనికి తలిగేశిన.
బండల సందులల్ల వేడి వేడి గంజి పోస్తున్న,
అక్కడ గరిక లేదు, భయం లేదు.
మిగిలినదానికి ఖుర్పీ, మోకాళ్ళ కింద గోనెసంచి.
తుంగగడ్డ విరిగితే కమ్మటి వాసన,
ఇన్నేండ్లు ఇంత దగ్గరికి వంగలే.

మిగిలిన సిర్కా సీసాను
భూలక్ష్మి వంటింట్లకు తీస్కపోయింది.
ఉప్పు డబ్బ పక్కకు పెట్టింది.
మూత వదులుగనే ఉన్నది.